మార్చలేనివి చూసి కొనండి: వాడిన బ్రాండెడ్ డెస్క్‌టాప్ కొనుగోలు, అప్‌గ్రేడ్

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి ఏ దుకాణం ముందు నిలబడినా ఒకటే మాట వినిపిస్తుంది: "ఐ5 సార్, పదహారు జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంది, తీసుకెళ్లండి." అందులో అబద్ధం ఉండదు. మనకు కావలసిన సమాచారమూ ఉండదు. 2011లో వచ్చిన ఐ5-2400 కూడా ఐ5నే. పదహారు జీబీ అన్నప్పుడు అది ఏ తరం ర్యామో, ఎన్ని ముక్కలుగా ఉందో చెప్పరు. అయినా ర్యామ్‌నూ ఎస్‌ఎస్‌డీనీ (హార్డ్ డిస్కు బదులు వాడే వేగమైన నిల్వ) చూసి డబ్బా ఎంచుకోవడమే అసలు పొరపాటు. అవి రేపైనా మార్చుకోవచ్చు. మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె), క్యాబినెట్ కొలత మాత్రం కొన్న రోజే ఖాయమైపోతాయి.

విడిభాగాలు కొని కట్టించుకునే అసెంబుల్డ్ సిస్టంలో ఈ చిక్కు లేదు. ఎస్‌ఎంపీఎస్ పోతే పక్క దుకాణంలో మరొకటి దొరుకుతుంది, క్యాబినెట్ నచ్చకపోతే బోర్డు విప్పి ఇంకోదాంట్లో బిగించుకోవచ్చు. డెల్, హెచ్‌పీ, లెనోవో ఆఫీసుల కోసం తయారుచేసే డబ్బాల్లో బోర్డు ఆకారం, కరెంటు కనెక్టర్లు, ఫ్యాను తీగలు చాలావరకు ఎవరివి వారివే. కాబట్టి రెండేళ్ల తర్వాత ఏమేం అప్‌గ్రేడ్ చేయగలమన్నది కొనే ముందే ఆలోచించుకోవాలి. ఈ వ్యాసం వరసంతా దాన్ని బట్టే: ముందు మార్చలేనివి, తర్వాత మార్చగలిగేవి.

నేను ఇక్కడ మాట్లాడుతున్నది ప్రధానంగా కంపెనీల్లో మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన డెస్క్‌టాప్‌ల గురించి. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ప్రోడెస్క్, ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ వరసలు ఇవి. చాలా సంస్థలు వీటిని లీజుకు తీసుకుని గడువు తీరగానే కట్టలుగా వదిలించుకుంటాయి. రోజంతా ఏసీ గదిలో ఉండి, ఎక్సెల్ షీట్లు తప్ప మరో బరువు మోయని యంత్రాలు. డిగ్రీ చదివే పిల్లలకు, జిరాక్స్ దుకాణానికి, ఇంట్లో లెక్కలు చూసుకోవడానికి వీటికి మించిన బేరం నాకు కనబడలేదు.

మొదట ప్రాసెసర్ అంకె చదవండి

ఇంటెల్ ప్రాసెసర్ పేరులో ఐ3, ఐ5, ఐ7 అన్నది రెండో సంగతి. దాని పక్కనున్న అంకె మొదటిది. నాలుగు అంకెల్లో మొదటిది తరాన్ని చెబుతుంది: 6500 అంటే ఆరో తరం, 8500 అంటే ఎనిమిదో తరం. అయిదు అంకెలుంటే మొదటి రెండూ చూడాలి: 10500 అంటే పదో తరం, 12500 అంటే పన్నెండో తరం.

ఈ లెక్కలో గీత గీయాల్సింది ఎనిమిది దగ్గర. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎండీ రైజెన్‌లో 2000 వరస నుంచి ఉండాలి. దానితోపాటు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లు కావాలి. అందుకే ఆరు, ఏడు తరాల డబ్బాలు ఇప్పుడు చవకగా కుప్పలు పడి ఉన్నాయి. అడ్డదారిలో 11 ఎక్కించి అమ్మేవాళ్లూ ఉన్నారు. అది నడుస్తుంది కానీ ముందు ముందు అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఉండదు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వాడేవారికి మాత్రం ఈ కుప్పలు పండగే. ఆరో తరం ఐ5, ఎనిమిది జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ ఉంటే మింట్ హాయిగా పరుగెడుతుంది.

ఎనిమిది దగ్గర గీత గీయడానికి విండోస్ ఒక్కటే కారణం కాదు. ఐ5-7500లో నాలుగు కోర్లు (ప్రాసెసర్‌లో ఒకేసారి పనిచేసే భాగాలు). దాని తర్వాతి తరంలో ఐ5-8500కు ఆరు కోర్లు వచ్చాయి. ఐ3-8100కే నాలుగు కోర్లు ఉన్నాయి, అంటే ఎనిమిదో తరం ఐ3 ఇంచుమించు ఏడో తరం ఐ5కు సాటి. "ఐ3 ఎందుకు సార్, ఐ5 తీసుకోండి" అని ఏడో తరం అంటగట్టబోతే ఈ మాట గుర్తుంచుకోండి. డబ్బు కొంచెం ఎక్కువ పెట్టగలిగితే పదో తరంలో ఐ5-10500 చూడండి, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు).

మోడల్ పేర్లలోనూ తరం తెలుస్తుంది. ఆప్టిప్లెక్స్‌లో చివరి అంకెలు చూడండి: 3050, 5050, 7050 అయితే ఆరు లేదా ఏడో తరం. 60తో ముగిస్తే ఎనిమిది, 80తో ముగిస్తే పది. హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800లో జీ3 అంటే ఆరు, ఏడు తరాలు. జీ4 నుంచి మనకు పనికొస్తుంది. లెనోవోలో ఎం710 వదిలేసి ఎం720 నుంచి చూడండి.

డీటీపీ చేసేవారికి ఒక్క మాట. మీ పాత టైపింగ్ సాఫ్ట్‌వేర్, తెలుగు కీబోర్డు, లేజర్ ప్రింటర్ విండోస్ 11 మీద నడుస్తాయో లేదో ముందు కనుక్కోండి. కొత్త డబ్బా ఇంటికొచ్చాక పాత ప్రింటర్‌కు డ్రైవర్ లేదని తెలిస్తే పెళ్లి కార్డుల సీజన్‌లో తల పట్టుకోవాల్సి వస్తుంది.

డబ్బా కొలత: అసలు తప్పు జరిగేది ఇక్కడే

ఒకే మోడల్ నంబరు మూడు ఒళ్లతో వస్తుంది. నిలువుగా పెద్దగా ఉండేది టవర్. సన్నగా ఉండేదాన్ని కంపెనీ ఎస్‌ఎఫ్‌ఎఫ్ అంటుంది, దుకాణాల్లో స్లిమ్ అంటారు. లావుపాటి పుస్తకమంత ఉండే మూడోదాన్ని డెల్ మైక్రో అంటుంది, హెచ్‌పీ మినీ అంటుంది, లెనోవో టైనీ అంటుంది. మన దగ్గర డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనే అలవాటు ఉంది కాబట్టి దుకాణంలో "ఏ సీపీయూ?" అని అడిగితే ప్రాసెసర్ గురించో ఒళ్లు గురించో స్పష్టం చేసుకోండి.

మైక్రో చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మానిటర్ వెనక తగిలించేయవచ్చు, కరెంటు తక్కువ తింటుంది. దానికి ల్యాప్‌టాప్‌లాగా బయట అడాప్టర్ ఉంటుంది, ల్యాప్‌టాప్ ర్యామే పడుతుంది, మామూలు గ్రాఫిక్స్ కార్డుకు చోటే లేదు. క్యాష్ కౌంటర్‌కు, పెద్దవాళ్లు యూట్యూబ్ చూసుకోవడానికి బాగుంటుంది.

స్లిమ్ గురించి నా అనుభవం చెప్పాలి. మా అన్నయ్య కొడుకు ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు ఎనిమిదో తరం స్లిమ్ డబ్బా ఒకటి నేనే ఎంచి ఇప్పించాను. ఆరు నెలలకు "బాబాయ్, గేమ్స్ కోసం గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుందాం" అన్నాడు. డబ్బా లోపలి పొడవు స్కేలుతో కొలిచి, కార్డు పొడవు చూసి, కొని తెచ్చాను. స్లాట్‌లో చక్కగా కూర్చుంది. మూత పెట్టబోతే పడలేదు. పొడవు కొలిచాను కానీ ఎత్తు కొలవలేదు! మామూలు కార్డు ఇనుప పట్టీ దాదాపు పన్నెండు సెంటీమీటర్లు, స్లిమ్ డబ్బాలో పట్టేది సుమారు ఎనిమిది. వారం రోజులు మూత లేకుండానే ఆడాడు. చివరికి కార్డును నష్టానికి అమ్మి, పొట్టి కార్డు కొన్నాం.

ఆ పొట్టి రకాన్ని లో ప్రొఫైల్ కార్డు అంటారు. ఎంపిక తక్కువ, ధర ఎక్కువ. అందులోనూ ఒక స్లాటు మందం ఉండేవి, రెండు స్లాట్ల మందం ఉండేవి వేర్వేరు. కొన్ని స్లిమ్ డబ్బాల్లో పొడవాటి స్లాటు ఎస్‌ఎంపీఎస్ పక్కనే ఉంటుంది కాబట్టి రెండు స్లాట్ల మందం కార్డుకు దారే ఉండదు. మూత తీయించి ఆ సందు చూడనిదే స్లిమ్ కొనకండి.

ఇక ఎస్‌ఎంపీఎస్. ఆప్టిప్లెక్స్ 60 వరసలో స్లిమ్‌కు ఇచ్చేది 200 వాట్లు, టవర్‌కు 260 వాట్లు. మామూలు ఎస్‌ఎంపీఎస్‌లో మదర్‌బోర్డుకు వెళ్లే పెద్ద కనెక్టర్‌కు 24 పిన్నులుంటాయి. ఈ డబ్బాల బోర్డు మీద ఆ సాకెట్టే ఉండదు, కంపెనీ సొంత చిన్న కనెక్టర్ ఉంటుంది. మార్పిడి కేబుళ్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి కానీ టవర్‌లో తప్ప కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు చోటు కుదరదు, టవర్‌లోనూ అన్నిటిలో కుదరదు. అదే కంపెనీ అదే మోడల్ టవర్ల కోసం పెద్ద వాట్ల ఎస్‌ఎంపీఎస్ విడిగా చేసి ఉంటే అది వెతికి పట్టుకోవడమే క్షేమం.

నా తీర్పు ఇది: ఎప్పటికైనా గ్రాఫిక్స్ కార్డు పెడతామన్న ఆలోచన పది శాతం ఉన్నా టవర్ కొనండి. ఆ ఆలోచన అసలే లేకపోతే స్లిమ్ చాలు.

దుకాణంలో పరీక్ష

అరగంట సమయం పెట్టుకుని వెళ్లండి. జేబులో ఒక పెన్‌డ్రైవ్ ఉండాలి. అందులో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసుకోండి.

డబ్బా ఆన్ చేయకముందే వెనక ఉన్న స్టిక్కర్ చూడండి. డెల్‌లో సర్వీస్ ట్యాగ్ అని ఏడు అక్షరాలు ఉంటాయి. వాటిని డెల్ సైటులో కొడితే ఆ యంత్రం ఫ్యాక్టరీ నుంచి ఏ ప్రాసెసర్‌తో, ఎంత ర్యామ్‌తో, ఏ తేదీకి బయటికి వెళ్లిందో బయటపడుతుంది. ఇప్పుడున్న ప్రాసెసర్ వేరే అయితే కంగారుపడనక్కర్లేదు. ఎందుకు మార్చారని మాత్రం అడగండి.

ఆన్ చేశాక మొదట బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెర) వెళ్లండి. డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవోలో ఎఫ్1. పాస్‌వర్డ్ అడిగితే ఆ డబ్బాను అక్కడే వదిలేయండి. "మా టెక్నీషియన్ రేపు తీసేస్తాడు" అంటే రేపే వస్తానని చెప్పండి. కంపెనీలు పెట్టిన ఆ పాస్‌వర్డ్ ఉంటే బూట్ వరస (ఏ డిస్కు నుంచి లేవాలన్న వరస) మార్చలేం, సెక్యూర్ బూట్ తాకలేం. బయోస్‌లోనే అబ్సొల్యూట్ లేదా కంప్యూట్రేస్ అనే మాట వెతకండి. దొంగతనం జరిగితే యంత్రాన్ని దూరం నుంచి గుర్తించే ఏర్పాటు అది. అది యాక్టివేట్ అయి ఉంటే పాత యజమాని చేతుల్లోంచి యంత్రం ఇంకా పూర్తిగా విడిపోలేదని అర్థం. కొనవద్దు. తేదీ కూడా చూడండి. ఏళ్ల వెనక్కి పోయి ఉంటే లోపలి సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందన్నమాట. అది కిరాణా కొట్టులో కూడా దొరికే బిళ్ల, బేరమాడటానికి పనికొస్తుంది.

విండోస్ వచ్చాక టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ పేజీ చూడండి. ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ వేగం, మొత్తం స్లాట్లలో ఎన్ని నిండాయో అక్కడే ఉంటాయి. తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో నడపండి. డిస్కు ఎన్ని గంటలు నడిచిందో, ఆరోగ్యం ఎంత శాతమో చెబుతుంది. "కొత్త ఎస్‌ఎస్‌డీ వేశాం సార్" అన్నచోట ఇరవై వేల గంటలు కనిపించడం నేను చూశాను. దుకాణదారు నవ్వేశాడు, నేనూ నవ్వి ఎస్‌ఎస్‌డీ లేకుండా ధర చెప్పమన్నాను.

సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ చదవండి. డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయిందని ఉంటే మంచిది. సంస్థ యాక్టివేషన్ సర్వీసు ద్వారా అయిందని ఉంటే, మీరు ఏ సంస్థకూ చెందినవారు కాదు కాబట్టి, అది నకిలీ పద్ధతిలో చేసినదే అనుకోవచ్చు. ఈ డబ్బాల్లో చాలావాటికి కంపెనీ ఇచ్చిన విండోస్ కీ బయోస్‌లోనే దాగి ఉంటుంది. విండోస్ 10 ప్రోతో వచ్చినదైతే 11 ప్రోను శుభ్రంగా ఎక్కించి ఇంటర్నెట్ తగిలిస్తే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది.

ముందు, వెనక ఉన్న ప్రతి యూఎస్‌బీ రంధ్రంలో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. ఆఫీసులో రోజూ తీసి పెట్టే ముందువైపువే ఎక్కువగా పాడవుతాయి. వీడియో పోర్టులు చూసుకోండి. ఈ డబ్బాల్లో చాలావాటికి హెచ్‌డీఎంఐ ఉండదు, డిస్‌ప్లేపోర్ట్ ఉంటుంది. ఇంట్లో మానిటర్‌కు హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటే డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కేబుల్ అక్కడే అడిగి తీసుకోండి. వైఫై కూడా అంతే: ఆఫీసుల్లో తీగతో నెట్ వాడతారు కాబట్టి చాలా డబ్బాల్లో వైఫై ఉండదు.

బిల్లు జీఎస్టీతో తీసుకోండి. దాని మీద సీరియల్ నంబరు, వారంటీ ఎన్ని నెలలో రాయించండి. నోటిమాట వారంటీ గడప దాటితే గుర్తుండదు. ధరలు నెలనెలా మారుతున్నాయి కాబట్టి అంకె చెప్పను, లెక్క చెబుతాను. డబ్బా, ఎస్‌ఎస్‌డీ, అదనపు ర్యామ్, వైఫై, కేబుల్, కీబోర్డు, మౌస్ అన్నీ కలపండి. ఆ మొత్తం కొత్త బ్రాండెడ్ డెస్క్‌టాప్ ధరలో మూడింట రెండు వంతులు దాటితే కొత్తదే కొనండి.

మొదటి అప్‌గ్రేడ్: ఎస్‌ఎస్‌డీ

హార్డ్ డిస్కు సెకనుకు వంద, నూట యాభై మెగాబైట్లు చదివితే పాత రకం సాటా ఎస్‌ఎస్‌డీ అయిదు వందల పైచిలుకు, కొత్త రకమైన మూడో తరం ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ మూడు వేల పైచిలుకు చదువుతాయి. అంకెల్లో పెద్ద దూకుడు రెండో దాంట్లో కనిపించినా మీకు తెలిసే తేడా అంతా మొదటిదాంట్లోనే ఉంటుంది. హార్డ్ డిస్కు నుంచి ఏ ఎస్‌ఎస్‌డీకి వెళ్లినా డబ్బాకు పునర్జన్మే. రోజువారీ పనిలో సాటాకూ ఎన్‌వీఎంఈకీ తేడా పట్టుకోవడం కష్టం. ధర ఒకేలా ఉంటే ఎన్‌వీఎంఈ తీసుకోండి, 500 జీబీకి తగ్గవద్దు.

కొనే ముందు బోర్డు మీద ఎం.2 స్లాట్లు (చిన్న పలక లాంటి కార్డులు పట్టేవి) చూడండి. కొన్నిటిలో రెండు ఉంటాయి: పొడవుగా ఉండేది ఎస్‌ఎస్‌డీకి, పొట్టిగా ఉండేది వైఫై కార్డుకు. రెండిటి గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది కాబట్టి ఒకదానిది ఇంకోదాంట్లో పట్టదు, బలవంతం చేయకండి. అలాగే ఎం.2 ఆకారంలో సాటా రకమూ ఉంది, అది ఎన్‌వీఎంఈ కాదు. మీ మోడల్ మాన్యువల్ కంపెనీ సైటులో ఉచితంగా దొరుకుతుంది, ఏది పడుతుందో అందులో ఉంటుంది.

బిగించే వరస ఇదీ:

1. ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకో బయటి డిస్కులోకో కాపీ చేసుకోండి. వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ 11 తయారుచేసుకోండి.

2. డబ్బా ఆపి, తీగ పీకి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల నిలిచిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుపభాగాన్ని ఒకసారి తాకి చేతిలోని స్టాటిక్ వదిలించుకోండి.

3. మూత తీయండి. ఈ డబ్బాల అందం ఇక్కడే తెలుస్తుంది. డెల్‌లో నీలిరంగు, హెచ్‌పీలో ఆకుపచ్చ రంగు పూసిన మీటలు కనిపిస్తాయి. చేత్తో తీయదగినవన్నీ ఆ రంగులోనే ఉంటాయి. స్లిమ్ డబ్బాలో హార్డ్ డిస్కు పంజరం బోర్డు మీద వంతెనలా కూర్చుని ఉంటుంది. ఆ రంగు మీట లాగి పైకెత్తితే వస్తుంది, కింద ఎం.2 స్లాటు బయటపడుతుంది.

4. ఎస్‌ఎస్‌డీని వాలుగా, దాదాపు ముప్ఫై డిగ్రీల్లో దూర్చి కిందికి నొక్కి చివర స్క్రూ బిగించండి. ఆ స్క్రూ ఆవగింజకు అన్నలా ఉంటుంది. తెల్లటి కాగితం పరచుకుని పనిచేయండి.

5. పాత హార్డ్ డిస్కు కేబుల్ ఇప్పుడే తిరిగి తగిలించకండి. అది తగిలి ఉండగా విండోస్ వేస్తే బూట్ ఫైళ్లు పాత డిస్కు మీద పడే ప్రమాదం ఉంది. ఏడాది తర్వాత ఆ డిస్కు పోతే, ఎస్‌ఎస్‌డీ బాగున్నా కంప్యూటర్ లేవదు.

6. బయోస్‌లో సాటా ఆపరేషన్ అనే చోట చూడండి. డెల్‌లో తరచూ రెయిడ్ అని ఉంటుంది. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చండి. లేదంటే లినక్స్ ఇన్‌స్టాలర్‌కు ఎస్‌ఎస్‌డీ కనబడకపోవచ్చు. ఈ మార్పు విండోస్ వేయకముందే చేయాలి, వేశాక మారిస్తే బూట్ ఆగిపోతుంది.

7. పెన్‌డ్రైవ్ పెట్టి డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కి దాని నుంచి బూట్ చేసి విండోస్ ఎక్కించండి.

పాతదాన్ని యథాతథంగా క్లోన్ చేయవచ్చు కదా అంటారు. ఎవరి చేతుల్లో తిరిగిందో తెలియని డబ్బాకు నేను క్లోన్ చేయను. మన బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టేది దాంట్లోనే.

ర్యామ్

ఎనిమిదో తరం డబ్బాల్లో ఉండేది డీడీఆర్4 తరం ర్యామ్. విండోస్ 11కు ఎనిమిది జీబీతో నెట్టుకురావచ్చు, పదహారు ఉంటే హాయి. పదహారు ఒకే ముక్కగా కాకుండా ఎనిమిది చొప్పున రెండు ఉంటే మేలు. రెండు దారుల్లో డేటా ప్రవహిస్తుంది కాబట్టి, ర్యామ్‌నే తన మెమరీగా వాడుకునే లోపలి గ్రాఫిక్స్‌కు తేడా బాగా తెలుస్తుంది. 3200 వేగం ర్యామ్ కొన్నా ఐ5-8500 దాన్ని 2666 దగ్గరే నడుపుతుంది. నష్టం లేదు, లాభమూ లేదు.

2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. తయారీదారులు ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్లడమే ప్రధాన కారణం. "ర్యామ్ తర్వాత వేసుకుందాం" అన్న పాత సలహా అందుకే ఇప్పుడు చెల్లదు. పదహారు జీబీతో ఉన్న డబ్బా కాస్త ఎక్కువ ధరకైనా దొరికితే తీసుకోండి. ఈ ధరల్లో ఒక ఉచ్చు కూడా ఉంది: సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ఈసీసీ ర్యామ్ చవగ్గా దొరుకుతుంది, చూడటానికి ఒకేలా ఉంటుంది, ఈ డబ్బాల్లో పనిచేయదు.

ర్యామ్ నొక్కేటప్పుడు రెండు చివర్లా "టక్" మనాలి. మొదటిసారి ఆన్ చేస్తే తెర ఒక నిమిషం నల్లగా ఉండవచ్చు, మెమరీ మారిందన్న సందేశం రావచ్చు. వెంటనే ఆపేయకండి.

దుమ్ము, పేస్టు

దీనికి డబ్బు దాదాపు అక్కర్లేదు, అయినా ఎవరూ చేయరు. అయిదేళ్ల డబ్బాలో ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు (వేడిని పైనున్న హీట్‌సింక్ అనే లోహపు దిమ్మెకు చేరవేసే పూత) ఎండి పెంకులా ఉంటుంది. ఏసీ గదిలో సరిపోయింది కానీ మే నెలలో విజయవాడలో సరిపోదు. ప్రాసెసర్ వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, మనం కంప్యూటర్ ముసలిదైందనుకుంటాం. హీట్‌సింక్ స్క్రూలు మూలమూలగా, ఒక్కోటి కొంచెం కొంచెంగా వదులు చేసి తీయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కందిగింజంత కొత్త పేస్టు మధ్యలో పెట్టి తిరిగి బిగించండి. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి.

గ్రాఫిక్స్ కార్డు

ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా కరెంటు తీగ రాదు కాబట్టి స్లాటు ఇచ్చే 75 వాట్లలోనే బతికే కార్డు కావాలి. ఆ కొలతలో నాకు నమ్మకమైనవి రెండు. జీటీఎక్స్ 1650లో అదనపు కనెక్టర్ లేని రకం ఒకటి. 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 ఆరు జీబీది, 70 వాట్లది, రెండోది. అదే పేరుతో ఉన్న ఎనిమిది జీబీ 3050 వేరే, 130 వాట్లు తింటుంది, దానికి విడి తీగ కావాలి. పేరు చూసి కాదు, జీబీ చూసి కొనండి. జీటీఎక్స్ 1650, ఆరు జీబీ 3050 రెంటిలోనూ పొట్టి రకాలు ఉన్నాయి.

జీటీ 1030లో కార్డు మెమరీని బట్టి జీడీడీఆర్5, డీడీఆర్4 అని రెండు రకాలున్నాయి, రెండోది చాలా నెమ్మది. ఆర్‌ఎక్స్ 6400 కరెంటు తక్కువే తింటుంది కానీ నాలుగు లేన్లతోనే (డేటా దారులతోనే) పనిచేస్తుంది కాబట్టి ఈ పాత బోర్డుల మూడో తరం స్లాటులో కొంత వేగం పోతుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులకు బోర్డులో రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్‌కు ఒకేసారి అందించే ఏర్పాటు) ఉండాలి. ఈ వయసు ఆఫీసు డబ్బాల మీద వాటి జోలికి పోవద్దు.

కార్డు బిగించాక మానిటర్ కేబుల్‌ను పాత పోర్టులోనే ఉంచి "కార్డు పనిచేయడం లేదు" అని ఫోను చేసేవాళ్లు నాకు ఏడాదికి ఇద్దరైనా తగులుతారు. కేబుల్ కార్డుకు తగిలించాలి.

ప్రాసెసర్ మార్పు చివరి మాట. ఆరు, ఏడు తరాల సాకెట్టుకూ ఎనిమిది, తొమ్మిదికీ పేరు ఒకటే, ఎల్‌జీఏ 1151. అయినా ఒకదాని ప్రాసెసర్ ఇంకోదాంట్లో పనిచేయదు. ఐ3-8100 నుంచి ఐ5-8500కు వెళ్లవచ్చు, రెండూ 65 వాట్లే. ఆ మోడల్‌ను కంపెనీ ఏయే ప్రాసెసర్లతో అమ్మిందో ఆ జాబితా దాటకండి. లెక్క వేస్తే చాలాసార్లు ఐ3 డబ్బా అమ్మి ఐ5 డబ్బా కొనడమే చవక.

ఇంట్లో కరెంటు

క్యాబినెట్ తాకితే సన్నగా జిల్లుమంటోందా? కంప్యూటర్ తప్పు కాకపోవచ్చు, ముందు ప్లగ్గులో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. గ్రాఫిక్స్ కార్డు లేని డబ్బాకు, మానిటర్‌కు 600 వీఏ యూపీఎస్ సరిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ అనే మీట ఉందేమో చూడండి. అది వేయకపోతే కరెంటు పోయిన క్షణంలో ఫ్యాను ఆగదు, కంప్యూటర్ ఆగిపోతుంది.

కొత్త బ్రాండెడ్ డబ్బా కొనేవారికీ ఈ చూపే పనికొస్తుంది. అందులోనూ స్లిమ్‌కు చిన్న ఎస్‌ఎంపీఎస్సే వస్తుంది, ర్యామ్ తరచూ ఒకే ముక్కగా వస్తుంది. మీకు అదనంగా దక్కేది ఇంటికొచ్చి బాగుచేసే వారంటీ. భవనాల డిజైన్ చేసే రెవిట్, భారీ వీడియో ఎడిటింగ్ లాంటి పనులకైతే ఆఫీసు డబ్బా కొత్తదైనా వద్దు, అసెంబుల్డ్ కట్టించుకోండి.

మిగిలిన పాత హార్డ్ డిస్కును ఫొటోల నిల్వకు వాడుకోవచ్చు, కేబుల్ ఇప్పుడు తగిలించండి. అందులో ఏదో ఆఫీసు ఫైళ్లు మిగిలి ఉండవచ్చు. క్విక్ అన్న గడిలో టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి. ఒక టీబీ డిస్కుకు రెండు మూడు గంటలు పడుతుంది, రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టండి.